పిడి చెక్క కింద ఏడో చుక్క

చుక్కలు ఏడు. ఆరు కాదు.

ఈ మాట నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అమ్మకు తెలుసు కాబట్టి అమ్మతో అనలేదు. నాయనకు ఇంకా బాగా తెలుసు కాబట్టి నాయనతోనూ అనలేదు. పన్నెండో ఏట నుంచి రోజూ రాసుకుంటున్న నా డైరీలో కూడా ఆ రోజు పేజీలో ‘ఆరు’ అనే ఉంది. ఆ డైరీ చదివేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. అమ్మకు చదువు రాదు, నాయనకు అప్పటికే చూపు లేదు. అయినా ఆరు అనే రాశాను. రాసి, సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.

మా నాయన పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే హెడ్డు కానిస్టేబుల్. ఏ ఊళ్ళో అన్నది రాయను. ఇనుప తలుపున్న ఆయుధాల గది ఒకటి ఆయన చేతి కింద ఉండేది. చుట్టుపక్కల స్టేషన్లలో చెడిపోయిన తుపాకులు, రివాల్వర్లు అక్కడికి వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు ఆ గదికి వచ్చి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే ముందు రిటైరై, పొద్దుటూరులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఆయుధ పూజకు స్టేషన్లలోని ఆయుధాలను కూడా శుభ్రం చేయడానికి ఆ గదికే తెచ్చేవాళ్ళు. నాయన అన్నిటినీ విప్పి, తుడిచి, నూనె పట్టించి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసేవాడు. అందరూ ప్రసాదాలు తిని వెళ్ళాక ఒక్కొక్కదాని పిడికున్న చెక్క ఊడదీసి, లోపలి ఇనుము మీద మొనదేలిన పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. గసగస గింజంత చుక్క పడేది. ఏడాదికి ఒకటి. సర్కారు సొమ్ము మీద సొంత గుర్తు వేయడం తప్పు. అందుకే చెక్క కింద. ఆ ఏడు పూజ అందినదానికి చుక్క ఉండాలి. పూజ లేకుండా పెట్టిన ఆయుధం పెట్టుకున్న ఇంటివాళ్ళనే తింటుందని ఆయన నమ్మకం. దేవుడంటే భయం లేని మనిషి, దీనికి మాత్రం భయపడేవాడు.

ఇంట్లోనూ అంతే. మా అడకత్తెర నేను పుట్టిన ఏడు కొన్నది. దాని పిడి లోపలి వైపున ఎన్ని చుక్కలుంటే నాకు అన్నేళ్ళు. చిన్నప్పుడు వాటిని వేలితో తడుముకుంటూ లెక్కపెట్టుకునేదాన్ని.

చూపు మందగించడం మొదలయ్యాక నాయన నన్ను తన కళ్ళుగా తయారుచేయాలనుకున్నాడు. మగబిడ్డ లేడు. పాత తాళాలు, తుప్పు పట్టిన తుపాకీ ముక్కలు ముందర వేసి, గుర్తులు చదవమనేవాడు. ఏది పంచ్ చుక్క, ఏది తుప్పు తిన్న గుంట అని అడిగేవాడు. తప్పు చెబితే తుపాకీ గొట్టం తుడిచే కడ్డీతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. “కండ్లుండేది కాటిక పెట్టుకునేకా?” అనేవాడు. నేను ఎదురు మాట్లాడే పిల్లను కాను. ఎవరైనా ఇంటికొస్తే పుస్తకం తీసుకుని వంటింట్లో దూరేదాన్ని. కానీ ఆ విద్య మాత్రం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకు దెబ్బలు తినడం తగ్గింది. నిజం చెప్పాలంటే, అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్ళు అయి ఉంటుంది. నాకు పద్దెనిమిది. ఒకరోజు పొద్దున మా వీధిలోకి పోలీసు జీపు వచ్చింది. దాంట్లోంచి దిగిన ఎస్సై కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మా మాట వింటే ఆయనకు నవ్వు. పులివెందులకు అవతల చక్రాయపేట దారిలో ఒక పల్లెలో, చనిపోయిన పెద్ద రైతు ఇంట్లో పాత జొన్న పాతర పూడ్చబోతే, అడుగున మైనపు గుడ్డలో చుట్టిన రివాల్వర్ దొరికిందట.

“హెడ్డుగారూ, ఇది పోలీసుదో, మిలిటరీదో, ఎప్పటిదో మీరే తేల్చాలండీ. నంబరు చూద్దామంటే ఎవడో ఆకురాయి పెట్టి అరగదీశాడు” అన్నాడు ఎస్సై.

“నా ఒళ్ళో పెట్టండి సార్. కండ్లు పోయినాయి గానీ చేతులు యాడికీ పోలేదు” అన్నాడు నాయన. తర్వాత ముక్కు ఎగబీల్చి, “ఇంకెవరో ఉండారే. బీడీ వాసన” అన్నాడు.

మెట్ల మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, బక్కగా, ఖాకీ చొక్కా గుండీలు తెగిపోతే పిన్నీసులు పెట్టుకుని.

“నేనే హెడ్డయ్యా.”

“ఓహో, నువ్వా! ఇంకా బతికే ఉండావా అప్పా?”

“ఉండా. చచ్చేకి పురసత్తు దొరకలే.”

ఎస్సై పకపకా నవ్వాడు. “ఈయన నన్ను నెలరోజులుగా తినేస్తున్నాడండీ. రివాల్వర్ దొరికిందని ఎలా తెలిసిందో ఏమో, రోజూ స్టేషను ముందు కూర్చుంటాడు. సరే, రా, తమాషా చూద్దువుగాని అని జీపెక్కించాను.”

ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. మా ఇంట్లో అప్పుడప్పుడు జోకులాగా చెప్పుకునే మనిషి. ఒకప్పుడు నాయన గదిలోనే కాపలా కానిస్టేబుల్. నాలుగు దసరాలు కుంకుమ పళ్ళెం పట్టుకుని, అందరూ వెళ్ళాక కూడా నాయన పక్కనే ఉన్నవాడు. తర్వాత తన సొంత ఊరి వైపు, పులివెందులకు బదిలీ చేయించుకుని వెళ్ళాడు. యుద్ధం ముగిసిన ఏడు ఎండాకాలంలో ఇన్‌స్పెక్టరు తన రివాల్వర్ బిగుసుకుపోయిందని, బాగుచేయించుకు రమ్మని ఇతని చేతికిచ్చి బస్సెక్కించాడు. తెచ్చి హెడ్డయ్య చేతికే ఇచ్చానని ఇతడంటాడు. నాకెవరూ ఏమీ ఇవ్వలేదని నాయన అన్నాడు. ముట్టినట్టు కాగితం లేదు. తెలిసిన మనిషే కదా అని అడగలేదట. ఉద్యోగం పోయింది, ఆరునెలలు జైల్లో ఉన్నాడు. ‘రివాల్వర్‌ను బస్సులో మరిచిపోయిన మొనగాడు’ అని నాయన అతని గురించి చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వాను చాలాసార్లు.

“ఇప్పుడేం గావల్ల నీకు?” అని అడిగాడు నాయన.

“నాకేం వద్దు హెడ్డయ్యా. నా కొడుకు పోలీసులో చేరేకి పోయినాడు. ఎత్తుకు సరిపోయినాడు, రొమ్ముకు సరిపోయినాడు, పరుగులో ముందరొచ్చినాడు. తండ్రి కాగితం కాడ నిలబెట్టినారు. ఈ నెలాఖరు లోపల నా మింద మచ్చ తుడిపేసుకుంటే తీసుకుంటారంట.”

“నీ కొడుకు గూడా పోలీసైతే ఇంగ ఈ జిల్లాలో ఒక్క రివాల్వరన్నా మిగుల్తాదా?”

ఎస్సై మళ్ళీ నవ్వాడు. మెట్ల మీది మనిషి కూడా కొంచెం నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వే నవ్వు.

నాయన రివాల్వర్‌ను అరచేతిలో తూచాడు. గొట్టం దగ్గర వాసన చూశాడు. కీలు తెరిచి గుండ్లు పెట్టే చక్రాన్ని చెవి దగ్గర తిప్పాడు. నన్ను పిలిచాడు. నేను భూతద్దం తీసుకుని తలుపు పక్క నుంచి బయటికి వచ్చాను.

“కిరీటం ఉందా?”

“ఉంది.”

“దాని కింద?”

“ఎం, పి. రెండక్షరాలు.”

“బాణం గుర్తు?”

“లేదు.”

“బాణం లేదంటే మిలిటరీది కాదు సార్. మిలిటరోళ్ళు బాణం గుర్తు లేకుండా చెంచా గూడా కొనరు. కిరీటముంది గాబట్టి ఇంగ్లీషోడు ఉన్నప్పటిది. ఎం.పి. అంటే మద్రాసు పోలీసు. మన చేతికొచ్చి అరవై డెబ్బై దసరాలు చూసిన సరుకు గాదు, రంగు చూస్తే యుద్ధానికి కొంచెం ముందర కొన్నది అయ్యుండల్ల. రంగెట్లుంది మే?”

“నీలం ఇంకా ఉంది నాయనా, పిడి దగ్గర.”

“అదీ లెక్క.” ఆయన మొహం వెలిగింది. రిటైరయ్యాక ఆయన పనితనాన్ని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు యూనిఫాం వేసుకున్న ఆఫీసరు వచ్చి ఎదురుగా కూర్చుని వింటున్నాడు. నాయన చక్రాన్ని మళ్ళీ తిప్పాడు. “ఇదో ఈడ, మూడో గుండు కాడ తట్టుకుంటాంది, వినండి సార్. లోపల స్ప్రింగు కంపెనీది కాదు. గడియారం స్ప్రింగు కోసి నేనే వేసినా. ఇది మనదే.”

అని ఆగిపోయాడు.

ఆయన చేతులు ఆయన కంటే ముందు మాట్లాడేశాయి. మెట్ల మీది మనిషి తల ఎత్తాడు.

“ఆ ఇన్‌స్పెక్టరు దొరదే గదా హెడ్డయ్యా? నా చేత పంపిచ్చినది.”

నాయన గడ్డం గోక్కున్నాడు. “అదే అయ్యుండల్ల. నువ్వు ఆ రైతుకు అమ్ముకున్నావన్నమాట. నేను పాపం బస్సులో పారేసుకున్నావనుకుంటి.”

“సార్” అని ఆ మనిషి ఎస్సై వైపు తిరిగాడు. గొంతు పెరగలేదు. ఎన్నో ఏళ్ళుగా మనసులో చెప్పుకుని చెప్పుకుని అరగదీసిన మాటల్లా వచ్చాయి. “పిడి చెక్క ఊడదీయించండి సార్. లోపల చుక్కలుంటాయి. దసరాకొకటి ఈయప్ప కొడతాడు. పళ్ళెం పట్టుకొని పక్కన నిలబడినోన్ని నేను. యుద్ధం మొదలైన దసరాకు మొదటి చుక్క. నేను దీన్ని తెచ్చిన ఎండాకాలానికి ఆరు. నేను తెచ్చియ్యలేదు, దోవలోనే అమ్ముకున్నా అనుకోండి. ఆరే ఉండల్ల. ఏడోది ఉంటే, ఆ తర్వాత దసరాకు ఇది ఎవరి చేతిలో ఉన్నట్టు?”

ఎస్సై కుర్చీలో ముందుకు జరిగాడు. “ఇది మాత్రం బావుందే. ఏమండీ హెడ్డుగారూ, నిజమేనా చుక్కల సంగతి?”

“నిజమే” అన్నాడు నాయన. వెంటనే అన్నాడు. ఆలస్యం చేస్తే ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. “విప్పు మే. సూది తెచ్చుకో.”

నేను సూది, కిరసనాయిలు, స్క్రూడ్రైవర్ కోసం లోపలికి వెళ్ళాను. తలుపు వెనక అమ్మ నిలబడి ఉంది. నా మణికట్టు పట్టుకుంది. ఆమె బంగారు గాజులు నా ఎముకకు ఒత్తుకున్నాయి.

“ఎన్నుండినా ఆరే” అంది.

అంతే అంది. వదిలేసింది.

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. అంతకు ముందు గుర్తు లేదని కాదు, దాన్ని ఎప్పుడూ అర్థం చేసుకోలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, యుద్ధం ముగిసిన ఏడే, మా ఇంట్లో ఆయుధ పూజ. పీట మీద కుట్టుమిషను చక్రం, కొడవలి, అడకత్తెర. వాటి పక్కన ఎర్రగుడ్డలో చుట్టిన బరువైన వస్తువు ఒకటి, దాని మీద నిమ్మకాయ. నేను ముట్టుకోబోతే నాయన చేతి మీద కొట్టాడు. తర్వాత తలుపులు వేసుకున్నాడు. లోపలి నుంచి సుత్తి చప్పుడు ఒక్కటే వినిపించింది. ఆ దీపావళికి అమ్మకు గాజులు వచ్చాయి.

ఎత్తుకొచ్చిన వస్తువైనా, పూజ రోజు ఇంట్లో ఉంది. పూజ లేకుండా పెట్టడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. పెట్టాక చుక్క కొట్టకుండా ఉండలేకపోయాడు. ఇంకెవరైనా అయితే కొట్టేవాళ్ళు కాదు.

బయటికి వచ్చి మర విప్పాను. చెక్క ఊడింది. లోపల జిడ్డు గట్టిపడి ఉంది. కిరసనాయిలుతో తుడిచాను. ఎస్సై భూతద్దం లాక్కుని చాలాసేపు చూశాడు.

“ఇదేవిటండీ, నాకు పదో పన్నెండో గుంటలు కనపడుతున్నాయి. ఏది చుక్క, ఏది తుప్పు?”

“తుప్పు తిన్న గుంటకు అడుగుండదు సార్, సూది పెడితే జారతాది. నా చుక్కకు అడుగుంటాది, సూది నిలబడతాది. మా పాపకు నేర్పిచ్చినా. పొద్దుటూరంతా వెదికినా అంత కన్ను దొరకదు.” నాయన నన్ను ఒకరి ముందు పొగిడింది అదే మొదటిసారి.

ఎస్సై కాగితం, పెన్ను తీసుకున్నాడు. మెట్ల మీది మనిషి ఒక మెట్టు పైకి వచ్చి ఆగాడు. అందరూ నా చేతి వైపు చూస్తున్నారు. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నాకు అలవాటు లేదు. చెవులు కాలిపోయాయి.

మొదటి చుక్కలో సూది పెట్టాను. టిక్ అని చిన్న చప్పుడు. “నిలబడింది” అన్నాను. రెండోది. మూడోది. ప్రతిసారీ టిక్. మధ్యలో తుప్పు గుంటలు వచ్చినప్పుడు సూది గీసుకుంటూ జారిపోయేది, “తుప్పు” అనేదాన్ని. నాలుగు, అయిదు, ఆరు.

ఏడోది వరుస చివర, మర రంధ్రానికి ఆనుకుని ఉంది. సూది పెట్టాను. టిక్. నిలబడింది. వేలు కొంచెం వదిలినా పడిపోనంత గట్టిగా నిలబడింది.

తల ఎత్తకుండా సూదిని పక్కకు లాగాను.

“జారింది” అన్నాను. “తుప్పు.”

“ఇంగోసారి చూడు పాపా” అన్నాడు మెట్ల మీది మనిషి.

ఎస్సై కూడా, “ఇంకోసారి చూడమ్మా, తొందరేం లేదు” అన్నాడు.

ఇంకోసారి పెట్టాను. మళ్ళీ టిక్. “తుప్పే” అన్నాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే సులువుగా ఉంది.

“నన్ను చూడనీ సార్ ఒక్కసారి. సూది నాకియ్యండి.” ఆ మనిషి చెయ్యి చాచి ముందుకు వచ్చాడు.

ఎస్సై రివాల్వర్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగాగు. నువ్వు ముట్టుకున్న రివాల్వర్ పదేళ్ళదాకా దొరకదయ్యా బాబూ.”

ఈసారి నాయన నవ్వాడు. గట్టిగా, పొట్ట పట్టుకుని, చూపులేని కళ్ళలో నీళ్ళు వచ్చేంతగా నవ్వాడు. ఎస్సై నవ్వాడు. జీపు డ్రైవరు నవ్వాడు. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. చాచిన చెయ్యి కొంతసేపు అట్లాగే గాలిలో ఉండి, తర్వాత చొక్కా పిన్నీసు సర్దుకుంది.

నాయన రాయలేడు కాబట్టి రిపోర్టు నేనే రాశాను. మద్రాసు పోలీసు గుర్తు కలిగినది, యుద్ధానికి ముందు కొన్నది, ఆరు చుక్కలు, కాబట్టి పోయిన తర్వాత ఆయుధాల గదికి తిరిగి రాలేదు. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కింద నాయన చేత సంతకం పెట్టించాను, వేలు పట్టుకుని.

“అక్షరాలు చక్కగా ఉన్నాయే! ఏం చదువుకున్నావమ్మా?” అని అడిగాడు ఎస్సై. స్కూలు ఫైనలు అన్నాను. ఇంగ్లీషు కూడా వచ్చా అన్నాడు. తల ఊపాను.

అమ్మ కాఫీ తెచ్చింది. ఎస్సైకి వెండి గ్లాసు. మెట్ల మీది మనిషికి పెరట్లో పనివాళ్ళకిచ్చే గ్లాసు. “తాగిపో అప్పా, శానా దూరం పోవల్ల” అన్నాడు నాయన. అతడు గ్లాసు ముట్టుకోలేదు. జీపు ఎక్కబోతే ఎస్సై, “నువ్వు బస్సులో రా, జీపులో చోటు లేదు” అన్నాడు. వచ్చేటప్పుడు చోటు ఉంది. అతడు కిందికి దిగి, జీపు రేపిన దుమ్ము అణిగేదాకా నిలబడి, బస్టాండు వైపు నడిచాడు. కాఫీ మీద మీగడ కట్టింది. అమ్మ దాన్ని పారబోయలేదు, వేడిచేసి నాకిచ్చింది. తాగాను.

ఆ రోజు నాయన కడుపునిండా అన్నం తిన్నాడు. చివర్లో మజ్జిగ పోయించుకుంటూ, నాకు మాత్రమే వినపడేట్టు అడిగాడు.

“ఏడోది కొంచెం వంకరగా పడిందా మే? ఆ పొద్దు చెయ్యి వణికిండె.”

ఆయన గొంతులో భయం లేదు, సిగ్గు లేదు. పని ఎట్లా కుదిరిందో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది, అంతే. నేను మజ్జిగ ఇంకొంచెం పోశాను. ఆయన తనలో తాను నవ్వుకుని, వేళ్ళు నాక్కున్నాడు.

ఆ నెలాఖరుకు ఆ కొడుకును పోలీసులోకి తీసుకోలేదని విన్నాను. చెప్పినవాడు మా వీధిలో పాలుపోసే మనిషి. వాళ్ళది పులివెందుల పక్క. “తండ్రి దొంగైతే కొడుకునెట్ల తీసుకుంటారు లేమ్మా? జమ్మలమడుగు కాడ బండల గనిలో చేరినాడంట. మంచి కండ ఉండాది వానికి” అన్నాడు. అమ్మ చెంబు పట్టుకుని, “కొలత సరిగ్గా పొయ్యి” అంది.

వచ్చిన దసరాకు నాయన అడకత్తెర నా చేతికిచ్చి, చుక్క నన్నే కొట్టమన్నాడు. నిట్టనిలువుగా కొట్టాను. ఆయన వేలితో తడిమి, బాగుంది అన్నాడు.

ఇంకో రెండేళ్ళు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ అయింది. నాయన కళ్ళకు పట్టిన పొర ముదిరిందని, ఇప్పుడు కోసి తీయవచ్చని చెబితే జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆపరేషను అయింది. కట్లు విప్పడానికి ఇంకా మూడు రోజులుంది. తల కదిలించకూడదు. నాయన మంచం మీద వెల్లకిలా పడుకుని, నర్సుల నడకలు విని ఎవరు లావో ఎవరు సన్నమో చెబుతూ పక్క మంచాలవాళ్ళను నవ్విస్తున్నాడు.

నేను నీళ్ళు పట్టుకురావడానికి వరండాలోకి వచ్చాను. గోడ వారగా అతడు కూర్చుని ఉన్నాడు. అదే ఖాకీ చొక్కా. చేతిలో ఒక కాగితం. నేను వెనక్కి తిరిగేలోపలే నన్ను చూశాడు.

“హెడ్డయ్య పాపవు గదా?”

తల ఊపాను.

“మీ నాయనకు కండ్లొస్తాయంటనా?”

“వస్తాయంటున్నారు.”

“రానీ.” అతడు లోపలి గది వైపు చెయ్యి చూపించాడు. “మా వాడు. నిన్న బండ జారింది. కుడిచెయ్యి దాని కింద పడింది.” ఎవరో పొరుగువాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు. “ఈ కాగితం మింద వేలిముద్ర వెయ్యమన్నారు. తెలుగైతే కూడబలుక్కోని చదువుతా. ఇది ఇంగ్లీషు. నువ్వు చదువుకున్న బిడ్డవు. చెప్తావా?”

బిందె కింద పెట్టి కాగితం తీసుకున్నాను. మెల్లగా, ఒక్కొక్క మాటకు అర్థం చెబుతూ చదివాను. ఒక్క అక్షరం వదలలేదు. చెయ్యి నలిగిపోయిందని, విషం ఎక్కకుండా తీసేయాల్సి ఉందని, దానికి తండ్రిగా తనకు ఇష్టమేనని, తర్వాత ఏమి జరిగినా ఆసుపత్రివాళ్ళను తప్పుపట్టనని.

“రెండు వేళ్ళు తీసేస్తే సరిపోతాదన్నారే నాతో?”

“చెయ్యి అనే ఉంది.”

“మణికట్టు కాడికా?”

“ఇంకా పైకి. కింద బొమ్మలో గీత పెట్టారు.”

“ఎంత పైకి?”

నా చేతి మీదే చూపించాను, మోచేతికి నాలుగు వేళ్ళ కింద. అతడు ఆ చోటునే చూస్తూ కూర్చున్నాడు. నేను రాయడానికి సిగ్గుపడే మాట ఒకటి ఇక్కడ రాయాలి. ఆ క్షణంలో నాకు తేలిగ్గా అనిపించింది. ఈ మనిషికి ఈరోజు ఉన్నది ఉన్నట్టు చదివాను, ఎంతో కొంత తీరింది అనుకున్నాను. ఇంకా ఏమైనా చదవాలా అని అడిగాను కూడా.

పక్కన సిరా గుడ్డ ఉన్న రేకు డబ్బా ఉంది. అతడు బొటనవేలు దాంట్లో ఒత్తాడు. కాగితం దాకా తెచ్చి, ఆపాడు. వేలి సిరాను గోడకు రాసి తుడుచుకున్నాడు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. కోపం లేదు ఆ మొహంలో. మాట కూడా మెత్తగానే అన్నాడు.

“ఏమనుకోవద్దు పాపా. దీన్ని ఇంగొకరితో గూడా చదివిచ్చుకుంటా.”